20 బైట్ల బ్యాకప్: 'టెస్ట్' అని పిలిస్తే పలికింది ఎవరు?

క్లయింట్ పేరు ఇక్కడ అనవసరం. ఉబుంటు సర్వర్ మీద ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రోజూ రాత్రి దానికి బ్యాకప్, వారం దాటిన బ్యాకప్‌లను తీసేసే ఏర్పాటు. ఎక్కడైనా కనబడే సెటప్పే. నెలాఖరు లెక్కలు సరిచూసుకుందామని వాళ్లు వేరే మెషీన్ మీద ఒక బ్యాకప్ ఎక్కించారు. ఎర్రర్ ఏమీ రాలేదు. తెరిచి చూస్తే డేటాబేస్‌లో ఒక్క టేబుల్ కూడా లేదు. ముందు రోజుది ఎక్కించి చూశారు, అదీ అంతే. అప్పుడు నన్ను పిలిచారు.

బ్యాకప్ డైరెక్టరీలో ఫైళ్ల సైజులు చూస్తేనే సగం విషయం అర్థమైపోయింది. తేదీలు వరసగా ఉన్నాయి, పేర్లు పద్ధతిగా ఉన్నాయి, ప్రతి ఫైలూ సరిగ్గా 20 బైట్లు. ఫైళ్లను కుదించే జీజిప్‌కి లోపలికి ఏమీ పంపకుండా వదిలేస్తే బయటికొచ్చే ఫైల్ అంతే ఉంటుంది: హెడర్ 10 బైట్లు, ఖాళీ డేటాకి 2, చివర చెక్‌సమ్, సైజు కలిపి 8. అంటే డేటాబేస్‌ని ఫైల్‌గా రాసిచ్చే పీజీ_డంప్ నుంచి ఒక్క అక్షరం కూడా రాలేదన్నమాట. అసలు డేటాబేస్ నిక్షేపంగా నడుస్తోంది కాబట్టి ముందు చేత్తో ఒక డంప్ తీసి వేరే మెషీన్ మీద పెట్టించాను. అది అయ్యాకే మిగతా ఎంక్వయిరీ.

డంప్ ఎందుకు ఖాళీగా వచ్చిందో తేలడానికి ఎంతో సేపు పట్టలేదు. డెవలపర్లు కొత్తగా ఒక టేబుల్ పెట్టారు, దాన్ని చదివే హక్కు బ్యాకప్ యూజర్‌కి ఇవ్వలేదు. పీజీ_డంప్ మొదట టేబుళ్లన్నిటికీ లాక్ తీసుకుంటుంది. ఒక్క టేబుల్ దగ్గర పర్మిషన్ లేకపోయినా అక్కడే ఆగిపోతుంది, అప్పటికి అవుట్‌పుట్ రాయడం మొదలే కాదు. పైపులో (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని తర్వాతి కమాండ్‌కి అందించే ఏర్పాటు) దాని తర్వాత ఉన్న జీజిప్ మాత్రం తన పని తాను చేసుకుని 0, అంటే సక్సెస్ అని, తిరిగిచ్చింది. పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ పెట్టుకోకపోతే షెల్ (మన కమాండ్లను తీసుకుని నడిపే ప్రోగ్రాం) పైపులో చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఇదంతా పాత పాఠమే, దీని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాతి లైను. ఇలాంటిది ఎప్పుడైనా జరగొచ్చని ఊహించే వాళ్లు ఒక చెకింగ్ స్క్రిప్ట్ రాయించుకున్నారు. మంచి స్క్రిప్టే. జీజిప్ ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూడటంతో సరిపెట్టలేదు (అదొక్కటే చూస్తే 20 బైట్ల ఫైల్ కూడా పాసైపోతుంది). విప్పి చూసి, చివరి కొన్ని లైన్లలో డంప్ పూర్తయిందని పీజీ_డంప్ రాసే కామెంట్ ఉందా లేదా అని వెతుకుతుంది. ఉంటే 'ఓకే' అని ప్రింట్ చేసి 0, లేకపోతే 'ఫెయిల్' అని చెప్పి 1. రాత్రి నడిచే స్క్రిప్ట్‌లో దాన్ని ఇలా వాడుకున్నారు:

టెస్ట్ "$ఫైల్" && ఫైండ్ /బ్యాకప్ -నేమ్ '*.జీజెడ్' -ఎంటైమ్ +7 -డిలీట్

అంటే ఈ రోజు బ్యాకప్ పాసైతేనే పాతవి తీసెయ్యాలి. ఉద్దేశం బంగారం లాంటిది. చిక్కంతా చెకింగ్ స్క్రిప్ట్‌కి పెట్టిన పేరుతోనే వచ్చింది. దాన్ని /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో 'టెస్ట్' అనే పేరుతో పెట్టారు.

యూనిక్స్‌తో కొన్నాళ్లు గడిపినవాళ్లు ఇక్కడే నవ్వేసి ఉంటారు. కానీ ఈ కేసు అంత తేలికగా బయటపడలేదు, ఎందుకంటే ఆ స్క్రిప్ట్ 'పనిచేస్తోంది' అనడానికి సాక్ష్యాలు బోలెడున్నాయి. సర్వర్ చూసుకునే కుర్రాడు నా ఎదురుగానే కొట్టి చూపించాడు. సుడో టెస్ట్ (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడిపించేది), పక్కన 20 బైట్ల ఫైల్ పేరు. ఠక్కున 'ఫెయిల్' అంది. నేను ఇందాక తీయించిన మంచి డంప్ పేరు ఇచ్చాడు. 'ఓకే' అంది.

"చూశారా సార్, ఇది బానే ఉంది. రాత్రి క్రాన్‌లోనే ఏదో తేడా చేస్తోంది."

క్రాన్ (టైముకి స్క్రిప్ట్‌లు నడిపే ప్రోగ్రాం) మీద అనుమానం రావడం సహజమే. డెబియన్, ఉబుంటుల్లో క్రాన్ ఇచ్చే పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) మామూలుగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే ఉంటాయి, /యూఎస్ఆర్/లోకల్/బిన్ ఉండదు. సగం క్రాన్ గొడవలు అక్కడే పుడతాయి. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ నడపాల్సినవి రాసే ఫైల్) పైన పాత్ లైను చేర్చి మళ్లీ నడిపించాం. ఏ మార్పూ లేదు, ఖాళీ ఫైల్ మళ్లీ పాసైంది. కమాండ్ ఎక్కడుందో చెప్పే విచ్‌ని, విచ్ టెస్ట్ అని అడిగితే /యూఎస్ఆర్/లోకల్/బిన్/టెస్ట్ అని నిబ్బరంగా చెప్పింది.

లాగ్ ఒకసారి తీరిగ్గా చదివితే అసలు సంగతి అందులోనే ఉంది. ప్రతి రాత్రీ 'పాతవి తీసేశాం' అనే లైను పడింది. దానికి ముందు రావాల్సిన 'ఓకే' ఎక్కడా లేదు. 'ఫెయిల్' కూడా లేదు. చెకింగ్ స్క్రిప్ట్ నడిచి ఉంటే ఆ రెంటిలో ఏదో ఒకటి పడి తీరాలి.

నడిపే ప్రతి కమాండ్‌నీ చూపించే సెట్ -ఎక్స్ పెట్టి నడిపితే ట్రేస్‌లో ప్లస్ గుర్తు పక్కన టెస్ట్, దాని పక్కన ఫైల్ పేరు శుభ్రంగా కనబడ్డాయి. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆ ట్రేస్ షెల్ ఏ కమాండ్ నడపబోతోందో చెబుతుంది గానీ, దాన్ని తన లోపలే చేసిందా, బయట ప్రోగ్రాంని పిలిచిందా అనేది చెప్పదు. అందుకని డిలీట్ లైను తీసేసిన కాపీ ఒకటి చేసి, ఎస్‌ట్రేస్‌తో ఎగ్జెక్‌వీఈ కాల్స్ (బయటి ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ కనబడేవి) మాత్రమే చూస్తూ నడిపించాను. డేట్ కనబడింది. పీజీ_డంప్ కనబడింది, జీజిప్ కనబడింది. టెస్ట్ లేదు. ఆ పేరుతో ఏ ప్రోగ్రామూ మొదలే కాలేదు.

అప్పుడు టైప్ -ఎ టెస్ట్ కొట్టమన్నాను. మొదటి లైన్లోనే వచ్చింది, టెస్ట్ అనేది షెల్ బిల్టిన్, అంటే షెల్ తన లోపలే ఉంచుకున్న కమాండ్ అని. రెండో లైన్లో వాళ్ల స్క్రిప్ట్. మూడో లైన్లో ఉబుంటుతో వచ్చే /యూఎస్ఆర్/బిన్/టెస్ట్.

షెల్ వెతికే వరస

బ్యాష్‌కి (ఇక్కడ స్క్రిప్ట్ నడిపే షెల్ అదే) ఒక కమాండ్ పేరు ఇచ్చినప్పుడు మొదట చూసేది అందులో స్లాష్ ఉందా అని. ఉంటే వెతుకులాట ఏమీ ఉండదు, ఆ దారిలో ఉన్న ఫైల్‌నే నడుపుతుంది. స్లాష్ లేకపోతే అలియాస్ (కమాండ్‌కి పెట్టుకున్న మారుపేరు), తర్వాత ఇఫ్, టైమ్, జోడు చదరపు బ్రాకెట్ లాంటి కీవర్డ్‌లు, తర్వాత ఫంక్షన్‌లు, తర్వాత బిల్టిన్‌లు. ఇవేవీ కాకపోతేనే పాత్‌లోని డైరెక్టరీల వైపు చూస్తుంది, అదీ ఇంతకుముందు ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకున్న హ్యాష్ టేబుల్‌ని చూశాకే. అలియాస్‌లు మామూలుగా మనం టైప్ చేసే షెల్‌లోనే పనిచేస్తాయి, స్క్రిప్ట్‌లో పట్టించుకోదు. వంటింట్లో ఉన్న శీనుని వదిలేసి వీధి చివర ఉన్న శీను పరిగెత్తుకొస్తాడని ఎవరూ అనుకోరు కదా, షెల్ లెక్కా అదే.

బిల్టిన్‌లకి ఈ పెద్దపీట ఊరికే రాలేదు. కొన్ని పనులు బయటి ప్రోగ్రాం చేయలేదు. డైరెక్టరీ మారడమే తీసుకోండి. బయటి ప్రోగ్రాం నడవాలంటే షెల్ ముందు తన కాపీ ఒకటి పుట్టిస్తుంది. ఆ కాపీ డైరెక్టరీ మారి పని ముగించుకుని పోతే, అసలు షెల్ ఉన్నచోటే ఉంటుంది. పీడీపీ-7 కంప్యూటర్ మీద తొలి యూనిక్స్‌కి ఇలా కాపీ పుట్టించే ఫోర్క్ చేర్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగిందని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన డెన్నిస్ రిచీ రాశాడు: అప్పటిదాకా చక్కగా పనిచేసిన డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి ఏమీ చేయకుండా పోయింది. దాన్ని షెల్ లోపలికే తెచ్చుకోవాల్సి వచ్చింది. సీడీ, ఎక్స్‌పోర్ట్, యూమాస్క్, ఎగ్జిట్ అన్నీ ఆ కోవలోవే.

టెస్ట్ (ఒక షరతు నిజమో కాదో చూసి చెప్పే కమాండ్) ఆ కోవలోది కాదు. దానికి షెల్ లోపల ఉండాల్సిన అవసరమేమీ లేదు. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో అది బయటి ప్రోగ్రామే. కాకపోతే ప్రతి ఇఫ్ దగ్గరా ఒక ప్రాసెస్ పుట్టించడం ఖర్చు. స్క్రిప్ట్‌ల్లో అది వందలసార్లు వస్తుంది. అందుకని తర్వాతి షెల్‌లు దాన్ని లోపలికి తీసుకున్నాయి. బయటి కాపీని అలాగే ఉంచేశారు, షెల్ లేకుండా పిలిచేవాళ్లకి కావాలి కాబట్టి. ఎకో, ప్రింట్ఎఫ్, పీడబ్ల్యూడీ, కిల్ కూడా ఇలా ఇంట్లో ఒకటి బయట ఒకటి ఉన్నవే. రెంటి ప్రవర్తనా ఒకటేనని నమ్మకండి. సింబాలిక్ లింక్ (ఇంకో చోటికి దారి చూపే ఫైల్) గుండా ఒక డైరెక్టరీలోకి వెళ్లి పీడబ్ల్యూడీ కొడితే బ్యాష్ మీరు వచ్చిన దారి చెబుతుంది. /బిన్/పీడబ్ల్యూడీ అసలు దారి చెబుతుంది.

రెడ్ హ్యాట్ మెషీన్లలో ఒక తమాషా ఉంది. /యూఎస్ఆర్/బిన్/సీడీ అనే ఫైల్ నిజంగానే ఉంటుంది. తెరిస్తే రెండే లైన్ల స్క్రిప్ట్, లోపల మళ్లీ బిల్టిన్ సీడీనే పిలుస్తుంది. అది ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లదు. ఇలాంటి కమాండ్లు ఫైల్ రూపంలో కూడా దొరకాలని యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉన్న పాసిక్స్ ప్రమాణం చెబుతుంది కాబట్టి పెట్టారు, అంతే. ఆ మెషీన్ మీద సుడో సీడీ కొట్టినవాడికి ఎర్రర్ కూడా రాదు.

సుడోతో ఎందుకు పనిచేసింది

ఈ కేసుకి ఆయువుపట్టు ఇక్కడుంది. సుడో షెల్ కాదు. దానికి బిల్టిన్‌లు తెలియవు, మన ఫంక్షన్‌లు తెలియవు. తన సెట్టింగ్స్‌లోని సెక్యూర్ పాత్ అనే జాబితాలో వరసగా వెతికి, మొదట దొరికిన ఫైల్‌ని నడుపుతుంది. ఉబుంటులో ఆ జాబితాలో /యూఎస్ఆర్/లోకల్/బిన్ అనేది /యూఎస్ఆర్/బిన్ కంటే ముందుంటుంది. అందుకే సుడో టెస్ట్ అన్న ప్రతిసారీ వాళ్ల స్క్రిప్టే నడిచింది. రాత్రి నడిచే స్క్రిప్ట్ రూట్ (అడ్మిన్ యూజర్) క్రాన్‌లో ఉంది కాబట్టి దానికి సుడో అవసరం రాలేదు. అక్కడ బ్యాష్ వెతికింది, బ్యాష్‌కి ఇంట్లోనే దొరికింది.

సుడో లేకుండా ఎప్పుడూ చూడలేదా అని కుర్రాడిని అడిగాను.

"మొదట్లో చూశాను సార్. ఏమీ ప్రింట్ కాలేదు. ఫైల్ చదివే పర్మిషన్ లేదేమో అనుకుని సుడో పెట్టాను, అప్పుడు వచ్చింది. ఇంక అలాగే అలవాటైపోయింది."

అతన్ని తప్పుబట్టడానికి ఏమీ లేదు. సుడో పెడితే పనిచేసింది అంటే పర్మిషన్ సమస్య అనే ఎవరైనా అనుకుంటారు. విచ్ కూడా అతన్నే సమర్థించింది. ఉబుంటులో విచ్ అనేది వేరే స్క్రిప్ట్, మన షెల్ లోపల ఏముందో దానికి కనబడే దారే లేదు. పాత్‌ని చదువుతుంది, దొరికిన ఫైల్ చెబుతుంది. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్‌లో అయితే విచ్ తానే ఒక బిల్టిన్, అది టెస్ట్ గురించి సరైన జవాబే ఇస్తుంది. మ్యాక్‌లో 2019 నుంచి డిఫాల్ట్ షెల్ అదే. స్క్రిప్ట్ రాసిన డెవలపర్‌ది మ్యాకే, కానీ అతను ఎప్పుడూ డాట్ స్లాష్ (ఇప్పుడున్న డైరెక్టరీలోని ఫైల్ అని) పెట్టి నడిపాడు. స్లాష్ ఉంటే వెతుకులాటే లేదు కదా, అతని దగ్గర ఎప్పుడూ తేడా రాలేదు. ఎవరి మెషీన్ మీద వాళ్లకి అంతా సవ్యంగానే ఉంది.

ఇంకో చిన్న సంగతి మాటల మధ్యలో బయటపడింది. కొన్నాళ్లుగా వేరే మానిటరింగ్ స్క్రిప్ట్ ఒకటి '-డి: ఫైల్ లేదు' అని గోల పెడుతోందట. "అది వేరే గొడవ సార్" అన్నాడు. తెరిచి చూస్తే అందులో సుడో టెస్ట్ -డి అని, ఒక డైరెక్టరీ ఉందో లేదో చూసే లైను. అసలైన టెస్ట్ నడవాల్సిన చోట వాళ్ల చెకింగ్ స్క్రిప్ట్ నడిచి, -డి అనేదాన్ని బ్యాకప్ ఫైల్ పేరనుకుంది. అంటే ఆ పేరు రెండు వైపులా దెబ్బ కొట్టింది: స్క్రిప్ట్ కావాల్సిన చోట బిల్టిన్ వచ్చింది, మామూలు టెస్ట్ కావాల్సిన చోట స్క్రిప్ట్ వచ్చింది. ఫైండ్ -ఎగ్జెక్, ఎక్స్ఆర్గ్స్, ఎన్వ్, నోహప్, పైథాన్‌లో షెల్ లేకుండా పిలిచే సబ్‌ప్రాసెస్, అన్నీ సుడో బాటలోవే. వీటి కింద బిల్టిన్ రాదు.

ఒక్క ఆర్గ్యుమెంట్ చేసిన పని

బిల్టిన్ టెస్ట్ నడిచింది సరే, అది ఎప్పుడూ 'పాస్' అనే ఎందుకంది? టెస్ట్ తనకిచ్చిన ఆర్గ్యుమెంట్ల (కమాండ్ పేరు తర్వాత ఇచ్చే మాటల) సంఖ్యను బట్టి అర్థం మార్చుకుంటుంది. ఏమీ ఇవ్వకపోతే ఎప్పుడూ ఫెయిల్. ఒక్కటే ఇస్తే, అది ఖాళీ స్ట్రింగ్ కాకపోతే చాలు, పాస్. ఫైల్ పేరు ఖాళీ స్ట్రింగ్ కాదు. ఆ పేరుతో ఫైల్ ఉందా, అందులో ఏముంది అనే ప్రశ్నే దానికి రాదు.

డెవలపర్ గనక చెకింగ్ స్క్రిప్ట్‌కి రెండో ఆర్గ్యుమెంట్ ఏదైనా పెట్టి ఉంటే, కనీస సైజు లాంటిది, మొదటి రాత్రే కథ ముగిసేది. రెండు ఇస్తే మొదటిది ఏదో ఒక ఆపరేటర్ అయి ఉండాలి. కాకపోతే 'యూనరీ ఆపరేటర్ ఎక్స్‌పెక్టెడ్' అని లాగ్‌లో పడుతుంది, ఫలితం 2, పాతవి డిలీట్ కావు. మొదట్లోనే ఆర్గ్యుమెంట్ లేకుండా రాసి ఉంటే పాతవి ఎప్పటికీ పోక డిస్క్ నిండి ఎవరో ఒకరు చూసేవారు. అన్నిటిలోకీ ప్రమాదమైన రూపం ఒక్క ఆర్గ్యుమెంట్‌ది, వీళ్లకి అదే తగిలింది. వారం తిరిగేసరికి మంచి బ్యాకప్‌లన్నీ నియమం ప్రకారం తుడిచిపెట్టుకుపోయాయి.

క్రాన్ పాత్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకవేళ బ్యాష్‌లో టెస్ట్ బిల్టిన్ కాకపోయినా వీళ్లు బయటపడేవాళ్లు కాదు. క్రాన్ పాత్‌లో దొరికేది /యూఎస్ఆర్/బిన్/టెస్ట్, దాని జవాబూ ఇదే.

ఏం మార్చాం

మీటింగ్‌లో రెండు సలహాలు వచ్చాయి, రెండూ వద్దన్నాను. మొదటిది, ఎనేబుల్ -ఎన్ టెస్ట్ అని పెట్టి బిల్టిన్‌ని ఆపేయడం. బ్యాష్‌లో పనిచేస్తుంది. కానీ అదే స్క్రిప్ట్‌లో ఇంకో చోట ఎవరైనా టెస్ట్ -ఎఫ్ అని రాస్తే అదీ చెకింగ్ స్క్రిప్ట్ మీదకే పోతుంది. పైగా ఉబుంటులో /బిన్/ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, దానికి ఎనేబుల్ అనే కమాండే తెలియదు. రెండోది, టెస్ట్ పేరుతో ఒక ఫంక్షన్ రాసి దాన్ని స్క్రిప్ట్ వైపు మళ్లించడం. ఫంక్షన్‌లు బిల్టిన్‌ల కంటే ముందు కాబట్టి ఇదీ నడుస్తుంది. ఎక్స్‌పోర్ట్, సెట్, ఎగ్జిట్ లాంటి ప్రత్యేక బిల్టిన్‌ల విషయంలో మాత్రం పాసిక్స్ పద్ధతిలో ఈ ఆట సాగదు. నడిచినా, తర్వాత వచ్చేవాడు ఈ స్క్రిప్ట్ చదివి ఏమనుకోవాలి? ఉన్న మెలిక మీద ఇంకో మెలిక వేసినట్టు అవుతుంది.

పేరు మార్చేశాం, డంప్-చెక్ అని. పేరు పెట్టే ముందు టైప్ -ఎ కొట్టి ఆ పేరుతో ఏమీ లేదని చూసుకున్నాం. రాత్రి స్క్రిప్ట్‌లో పూర్తి దారితో పిలుస్తోంది, కాబట్టి క్రాన్ పాత్ ఎలా ఉన్నా బెంగ లేదు. పైప్‌ఫెయిల్ పెట్టాం. డంప్ ముందు తాత్కాలిక పేరుతో పడుతుంది, చెకింగ్ పాసయ్యాకే అసలు పేరు వస్తుంది. పాతవి తీసేసే లైను ఇప్పుడు ఎగ్జిట్ కోడ్ ఒక్కదాన్నే నమ్మదు, అసలు పేరుతో ఉన్న కొత్త ఫైల్ కనబడితేనే కదులుతుంది. నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మార్పు, వారానికోసారి కావాలనే ఒక చెడ్డ ఫైల్‌ని క్రాన్ దారిలోనే పంపి, ఫెయిల్ అంటోందో లేదో చూడటం. చేత్తో సుడో పెట్టి చూసిన పరీక్ష వేరు, రాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు నడిచే దారి వేరు.

మర్నాడు కుర్రాడి నుంచి ఫోన్. డంప్-చెక్‌ని మొదట తన హోమ్‌లోని బిన్‌లో పెట్టి చూసుకున్నాడు. తర్వాత /యూఎస్ఆర్/లోకల్/బిన్‌కి జరిపాడు. ఇప్పుడు తన టెర్మినల్లో పాత దారి చూపించి 'అలాంటి ఫైల్ లేదు' అంటోంది, పక్క టెర్మినల్లో మాత్రం బాగానే ఉంది. ఇది హ్యాష్ టేబుల్ పని, హ్యాష్ -ఆర్ కొడితే సరిపోయింది. సొంతంగా ఇంకోటి కూడా కనిపెట్టాడు: బ్యాకప్‌కి ఎంత మెమరీ పడుతోందో చూద్దామని టైమ్ -వి పెడితే బ్యాష్ తిట్టిపోసింది. టైమ్ బ్యాష్‌లో కీవర్డ్, దానికి -వి తెలియదు. /యూఎస్ఆర్/బిన్/టైమ్ అని పూర్తిగా రాస్తే వచ్చేస్తుంది.

ఈ వ్యవహారం తర్వాత మిగతా మెషీన్లూ చూడమన్నారు. లినక్స్ సర్వర్లలో ఇంకేమీ దొరకలేదు. ఒక విండోస్ సర్వర్‌లో మాత్రం స్క్రిప్ట్‌ల ఫోల్డర్‌లో 'క్వెరీ' అనే పేరుతో, ఎక్స్‌టెన్షన్ లేని చిన్న ఫైల్ కనబడింది. తెరిస్తే లోపల ఒక సర్వీస్ పేరు, అంతే. సర్వీస్ నడుస్తోందో లేదో చూడటానికి ఎవరో పాత బ్యాచ్ ఫైల్‌లోని ఎస్‌సీ క్వెరీ లైనుని పవర్‌షెల్ స్క్రిప్ట్‌లోకి యథాతథంగా తెచ్చిపెట్టారు. పవర్‌షెల్‌లో అలియాస్‌లది మొదటి వరస, బయటి ప్రోగ్రాంలది చివరి వరస. విండోస్‌తో వచ్చే 5.1 వెర్షన్‌లో ఎస్‌సీ అంటే సెట్-కంటెంట్‌కి అలియాస్, ఫైల్‌లో రాసే కమాండ్. కాబట్టి అది ఏ సర్వీస్‌నీ చూడకుండా, నడిచిన ప్రతిసారీ క్వెరీ అనే ఫైల్‌లో ఆ పేరు రాసిపెట్టి సక్సెస్ అంది. ఎస్‌సీ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తి పేరు రాయించి, ఆ ఫైల్ తీసేయించాం. ఆ సర్వీస్ అప్పటికి ఆగిపోయే ఉంది.